లెగ్ హార్మోనియం తెల్లమెట్లకు మెరుగు: పని దినచర్య

అమలాపురానికి దగ్గరలోని లంక గ్రామంలో మా పెద్దమామయ్య ఇంట్లో ఉన్న లెగ్ హార్మోనియం (కాళ్లతో తొక్కి గాలి నింపుతూ వాయించేది) మా తాతగారిది. ఆయన పద్యనాటకాలకు హార్మోనిస్టు. దాని రీడ్లను, తిత్తులను ఇదివరకే ఒక మాస్టారు బాగుచేశారు. ఈ దినచర్య తెల్లమెట్ల (వేళ్లతో నొక్కే తెల్లని మీటల) పైపలకలకు సన్నని ఉప్పు కాగితాలతో మెరుగు పెట్టిన పని గురించి మాత్రమే. ఇటువంటి పాత వాద్యం చేతికి వచ్చినవారు నేను పాడుచేసిన మెట్లను మళ్లీ పాడుచేయకుండా ఉండాలని తప్పులను కొలతలతో సహా రాశాను.

మొదటి దశ: విప్పడం, గుర్తు పట్టడం (ఏప్రిల్ 28)

మొత్తం మెట్లు 61. అందులో తెల్లవి 36, నల్లవి 25. ఎడమ చివరి మెట్టు నుంచి తెల్లమెట్లకు 1 నుంచి 36 వరకు అంకెలు వేశాను. ఈ రాతలోని అంకెలన్నీ అవే.

1. మెట్టును తీయకముందే దాని చెక్క వెనుక భాగాన పెన్సిలుతో అంకె వేయాలి. పైపలక మీద రాస్తే ఆ గుర్తు మెరుగులో పోతుంది.
2. పైపలక చెక్క కన్నా ముందుకు కొద్దిగా పొడుచుకుని ఉంటుంది. ఆ పెదవి మందాన్ని డిజిటల్ వెర్నియర్‌తో మూడు చోట్ల కొలిచి, సగటు రాసుకోవాలి. పలకను ఊడదీయకుండా మందం తెలుసుకునే దారి ఇదొక్కటే.
3. పలక మీద ఉక్కు స్కేలును నిలువుగా ఆనించి, మధ్యలో వెలుగు కనిపించిన చోట ఫీలర్ గేజి రేకులు (మందం ముందే తెలిసిన సన్నని రేకులు) దూర్చి గుంత లోతు చూడాలి.

పెదవుల మందం 1.15 నుంచి 1.30 మి.మీ. మధ్య వచ్చింది. మూడు మెట్లలో మాత్రం వేళ్ల అరుగుదల వల్ల స్పష్టమైన గుంతలు ఉన్నాయి: 18వ మెట్టులో 0.31 మి.మీ., 22లో 0.24, 25లో 0.19. వాటి సంగతి చివర వస్తుంది.

ఆ తరువాత నగల పనివారు వాడే పది రెట్ల భూతద్దంతో ఒక్కొక్క పలకనూ చూశాను. ఈ పని చేయకుండా ఎవరూ ఉప్పు కాగితం పట్టవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఒకే వరుసలో మూడు రకాల పదార్థాలు బయటపడ్డాయి. ఏడు మెట్ల మీద (4, 12, 13, 21, 27, 30, 33) నల్లని సన్నని చుక్కలు, చిన్న చిన్న గీతలు ఉన్నాయి. అవి నెత్తురు నాళాలు నడిచిన దారులు, కనుక అది ఎముక. రెండు మెట్లు (8, 29) ఏ గీతా లేకుండా కొంచెం నీలి ఛాయతో తెల్లగా ఉన్నాయి. అవి తరువాతి కాలంలో ఎవరో వేయించిన అక్రిలిక్ ప్లాస్టిక్ పలకలు. మిగిలిన ఇరవై ఏడింటినీ పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే కాస్త వెచ్చబడిన వెంటనే దేవుడి గదిలోని కర్పూరం వాసన వచ్చింది. అది సెల్యులాయిడ్. నత్రికామ్లంతో మార్చిన సెల్యులోజులో కర్పూరం కలిపి చేసే ఈ పదార్థానికి 1870లో అమెరికాలో జాన్ వెస్లీ హయాట్ పేటెంటు తీసుకున్నాడు. బిలియర్డు బంతుల కోసం ఏనుగు దంతానికి బదులు వెతుకుతూ మొదలుపెట్టిన ఆ ప్రయత్నమే చివరికి పియానో మెట్లకూ, హార్మోనియం మెట్లకూ చేరింది.

ఏనుగు దంతపు పలకల్లో అలల్లా సాగే పలుచని చారలు ఉంటాయి, అవి యంత్రం గీసినట్టు సమానంగా ఉండవు. పాత పియానోల్లో ఒక్కో మెట్టుకు ముందు ముక్క, వెనుక ముక్క అతికించి ఉండడం వల్ల నల్లమెట్టు మొదలయ్యే చోట సన్నని అతుకు గీత కూడా కనిపిస్తుంది. ఇక్కడ ఈ రెండూ లేకపోవడం నాకు పెద్ద ఊరట. మన వన్యప్రాణి చట్టానికి 1986లో జరిగిన సవరణతో దేశంలోని ఏనుగు దంతపు వ్యాపారం, 1991 సవరణతో దిగుమతైన ఆఫ్రికా దంతపు వ్యాపారం కూడా నిషిద్ధమయ్యాయి. పాత మెట్టు ఒకటి పోయిందని దంతపు ముక్క కొనడం నేరమే.

సెల్యులాయిడ్‌ను గుర్తించడానికి కాల్చిన సూది గుచ్చమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి, అది భగ్గున అంటుకునే పదార్థం. రుద్ది వాసన చూస్తే చాలు.

ఈ రోజు జరిగిన తప్పు ఒకటి ఉంది. 2వ మెట్టు మీది జిడ్డు పోవాలని స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచాను. నిమిషంలో పైభాగం జిగటగా మారి, దూది పోగులు దానికే అంటుకుపోయాయి. స్పిరిట్ సెల్యులాయిడ్‌ను ఉబ్బించి మెత్తబరుస్తుంది, నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ అయితే కరిగించేస్తుంది. రెండు చుక్కల సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డే అప్పటి నుంచి వాడాను.

*ఇప్పటివరకు: పూర్తయిన మెట్లు 0/36. పని 3.5 గంటలు. ఖర్చు రూ. 1,150 (వెర్నియర్ 720, భూతద్దం 280, మందపాటి అద్దం పలక 150).*

రెండవ దశ: పసుపును వెంటాడడం (మే 6)

ప్రయోగానికి 36వ మెట్టును ఎంచుకున్నాను, ఎందుకంటే కుడి చివరన ఉండే ఆ మెట్టు వాయించడంలో దాదాపు ఎప్పుడూ తగలదు. పసుపు రంగు పైపైన పట్టిన మురికి అనుకుని, త్వరగా పోతుందని పి-400 అనే ముతక ఉప్పు కాగితంతో మొదలుపెట్టాను. నలభై నిమిషాల తరువాత పెదవి మందం 1.24 నుంచి 1.09 మి.మీ.కు దిగింది, పసుపు మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉంది. పోయిన 0.15 మి.మీ. మళ్లీ రాదు.

పలక అంచును భూతద్దం కింద చూసినప్పుడు కారణం తెలిసింది. పైనుంచి కిందివరకు ఒకే పసుపు. ఏళ్ల తరబడి వెలుగుకూ గాలికీ సెల్యులాయిడ్ లోలోపలే మారుతుంది, కాబట్టి దానిని రుద్ది తెల్లబరచడం కుదరదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పనిచేయదు. ఆ రోజు నుంచి ఈ పనికి లక్ష్యం తెలుపు కాదు, నునుపు. గీతలు పోవాలి, వేలు జారాలి, రంగు ఎలా ఉన్నా ఉండనివ్వాలి. దాని కోసం రెండు నియమాలు పెట్టుకున్నాను: పి-800 కన్నా ముతక కాగితం పెట్టెలోనే ఉండకూడదు, ఏ మెట్టు పెదవీ 0.05 మి.మీ. కన్నా ఎక్కువ తగ్గకూడదు.

కాగితాల అంకెల గురించి ఒక మాట. కాగితం వెనుక అంకెకు ముందు పి అక్షరం ఉంటే అది ఐరోపా కొలత. పి-800 కాగితంలో రేణువు సగటున 21.8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), పి-1200లో 15.3, పి-2000లో 10.3, పి-2500లో 8.4. పి లేని అమెరికా కొలతలో 600 అంకె దాదాపు పి-1200కు సమానం. గుడ్డ మీద వచ్చే మైక్రోమెష్ కొలత మరీ వేరు, అందులో 1500 అంటే పి-1500 కన్నా బాగా ముతక. అంకె ఒక్కటే చూసి ఈ మూడింటినీ కలిపి వాడితే సన్నని గీతల మీద మళ్లీ ముతక గీతలు పడతాయి.

*ఇప్పటివరకు: పూర్తయినవి 0/36. పని 5.5 గంటలు. ఖర్చు రూ. 1,510 (తడిపి కూడా రుద్దగల ఉప్పు కాగితం, అంటే వాటర్ పేపరు ఆరు రకాలు, రకానికి రెండు, ఒక్కొక్కటి 30).*

మూడవ దశ: నీరు చేసిన నష్టం (మే 15)

కారు రంగుల షెడ్లలో వాటర్ పేపరును తడిపి రుద్దడం చూసి, ఎముక మెట్లు మూడింటిని (12, 27, 30) అలాగే తడిపి రుద్దాను. గంటలోనే రెండు రకాల నష్టం జరిగింది.

మొదటిది, మూడు మెట్లూ బూడిద రంగుకు తిరిగాయి. వాటర్ పేపరు మీది నల్లని రేణువు సిలికాన్ కార్బైడ్. అది నీటితో కలిసి నల్లని బురదై, ఎముకలోని సన్నని రంధ్రాలలోకి దిగి కూర్చుంది. సెల్యులాయిడ్‌కు రంధ్రాలు లేవు గనుక అక్కడ ఈ ప్రమాదం లేదు. పదార్థం ఏదో ముందే గుర్తుపట్టాలని చెప్పడం ఇందుకే.

రెండవది, 12, 27 మెట్ల పలకలు మరునాటికి అంచుల్లో లేచాయి. వాటిని అతికించినది చర్మాలు ఉడకబెట్టి తీసే పాతకాలపు సరేసు. అది నీటికి కరుగుతుంది. పలక పక్క నుంచి జారిన నీరు కింది చెక్కలోకి ఇంకి, చెక్క ఉబ్బి, జిగురు వదిలేసింది.

*ఇప్పటివరకు: పూర్తయినవి 0/36. పని 9.5 గంటలు. ఖర్చు మారలేదు.*

నాలుగవ దశ: బూడిద రంగు తీయడం, పలకలు తిరిగి అతకడం (మే 24)

1. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సుద్దపొడి కలిపి, చేత్తో తీస్తే జారని ముద్ద చేశాను.
2. మెత్తని పళ్ల బ్రష్‌తో ఆ ముద్దను ఎముక మీద గుండ్రంగా రెండు నిమిషాలు రుద్ది, పిండిన గుడ్డతో తుడిచాను. అంచుల నుంచి తడి దిగకుండా చుట్టూ మాస్కింగ్ టేపు అతికించాను.
3. పూర్తిగా ఆరాక మళ్లీ అదే చేశాను. 30వ మెట్టుకు మూడు సార్లు, 12కు నాలుగు సార్లు, 27కు ఆరు సార్లు పట్టింది.

నల్లదనం దాదాపు పోయింది. 27లో రెండు గీతలు మాత్రం పెన్సిలు గీతల్లా మిగిలాయి. వాటి కోసం ఇంకా లోతుకు రుద్దడం నాకు న్యాయమనిపించలేదు, వదిలేశాను.

సరేసును నేరుగా మంట మీద పెట్టకుండా, నీళ్ల గిన్నెలో మరో గిన్నె ఉంచి 60 డిగ్రీల వద్ద కరిగించాను. అంతకు బాగా మించితే దాని పట్టు తగ్గుతుంది. పలుచని ఎముక గుండా కింది చెక్క రంగు కనిపిస్తుంది గనుక జిగురులో చిటికెడు సుద్దపొడి కలిపాను. పాతవారు కూడా ఇందుకే తెల్లని గుడ్డముక్క కింద వేసి అతికించేవారు. బిగింపును ఒక రాత్రికి తీసేయవచ్చని అనుకున్నాను గాని, మా గాలిలోని తేమకు రెండు పూర్తి రోజులు పట్టింది.

ఇకమీదట ఎముకకు పొడి రుద్దుడే, అదీ లేత రంగు అల్యూమినియం ఆక్సైడ్ కాగితంతోనే అని నిర్ణయించాను. ఆ మూడు మెట్లను పొడిగానే పి-2500 వరకు తెచ్చాను.

*ఇప్పటివరకు: పూర్తయినవి 3/36. పని 13 గంటలు. ఖర్చు రూ. 1,710 (పెరాక్సైడ్, సుద్ద, బ్రష్, టేపు 140, సరేసు 60).*

ఐదవ దశ: సెల్యులాయిడ్‌కు కుదిరిన పద్ధతి, దాని వెంట వచ్చిన గీతలు (జూన్ 8)

మొదట కాగితాన్ని వేలికి చుట్టి రుద్దితే అంచులు గుండ్రబడ్డాయి. పక్క మెట్టుతో కలిపి చూస్తే ఆ తేడా వెంటనే కంటికి ఆనుతుంది. అందుచేత కాగితాన్ని అద్దం పలక మీద పరచి, మెట్టునే తిరగేసి దాని మీద నడిపాను. కుదిరిన క్రమం ఇది.

1. కాగితం మీద నాలుగు చుక్కల సబ్బు నీరు, అంతకు మించి వద్దు. సెల్యులాయిడ్ ధూళి పొడిగా ఎగిరితే నిప్పుకు అందుకుంటుంది, నీరు ఎక్కువైతే జిగురు వదులుతుంది.
2. పి-800తో నిలువుగా 40 సార్లు, తుడవాలి. పి-1200తో అడ్డంగా 40 సార్లు, తుడవాలి. దిశ మార్చడం వల్ల వెనుకటి గీతలు మిగిలాయో లేదో భూతద్దంలో తేలిగ్గా తెలుస్తుంది.
3. ఒక్క పాత గీత కనిపించినా తరువాతి కాగితానికి వెళ్లకూడదు.
4. పి-2000 నిలువుగా, పి-2500 అడ్డంగా, 60 సార్లు చొప్పున.
5. చివర తడిపిన ఫెల్టు గుడ్డ మీద సుద్దపొడి చల్లి, చేతి బరువుతోనే మూడు నిమిషాలు.

ఒక్కో మెట్టుకు 25 నిమిషాలు పట్టింది. పెదవి మందంలో తరుగు 0.01 నుంచి 0.02 మి.మీ. మాత్రమే.

అయితే ఆరవ మెట్టు నుంచి ఒక విచిత్రం మొదలైంది. పి-2500 తరువాత నిర్మలంగా ఉన్న పలక మీద సుద్ద పట్టించాక వంపు తిరిగిన లోతైన గీతలు ఒకటో రెండో కనిపించేవి. మొదట నీళ్ల గిన్నెను అనుమానించాను, ఎందుకంటే నాలుగు కాగితాలనూ ఒకే గిన్నెలో కడుగుతున్నాను, ముతక రేణువు ఒకటి సన్న కాగితానికి అంటుకున్నా చాలు. కాగితానికో గిన్నె పెట్టాను. గీతలు తగ్గాయి గాని పోలేదు. తరువాత ఒక అద్దం ముక్క మీద సుద్దను మరో అద్దంతో నూరి చూశాను. కిరకిరమంది. బజారు సుద్దలో ఇసుక ఉంది.

దానిని తేర్చుకున్నాను. గ్లాసు నీటిలో రెండు చెంచాల సుద్ద కలిపి, అర నిమిషం ఆగి, అడుగుకు దిగినదాన్ని వదిలేసి పై పాలను మాత్రం వేరే పాత్రలోకి వంచాను. ఇసుక బరువు, ముందే దిగిపోతుంది. రెండోసారి అలాగే వంచి, పాత్రను రాత్రంతా కదలకుండా ఉంచితే అడుగున వెన్నలాంటి ముద్ద చేరింది. దాన్ని ఆరబెట్టి పలుచని మల్లు గుడ్డలో జల్లించాను. ఆ తరువాత అటువంటి గీత ఒక్కటి కూడా పడలేదు. చెడిన ఐదు మెట్లను పి-1200 నుంచి మళ్లీ చేయవలసి వచ్చింది, అందుకు రెండు గంటలు పట్టింది. బజారులో దొరికే ఖరీదైన పాలిష్ ముద్ద కన్నా తేర్చిన సుద్ద మీదే ఇప్పుడు నాకు నమ్మకం.

*ఇప్పటివరకు: పూర్తయినవి 17/36 (ఎముక 3, సెల్యులాయిడ్ 14). పని 21 గంటలు. ఖర్చు రూ. 1,960 (ఫెల్టు 120, బెండు 40, గిన్నెలు 90).*

ఆరవ దశ: మోటారు చక్రం (జూన్ 17)

తెలిసినవారి వర్క్‌షాపులో గుడ్డ చక్రం ఉంది గనుక పని త్వరగా అవుతుందని 9వ మెట్టును తీసుకెళ్లాను. చక్రానికి ఆనించి ఐదు సెకన్లు కాకుండానే కర్పూరం వాసన ఘాటుగా కమ్మింది, వెంటనే చేయి తీసేశాను. పలక మధ్య మెత్తబడి, గుడ్డ అల్లిక అచ్చు దాని మీద పడింది. ఇంకొన్ని సెకన్లు ఉంచితే అంటుకునేదే. పక్కన ఎముక మెట్టు ఒకటి అదే చక్రం మీద చక్కగా మెరిసిందని అక్కడివారు అన్నారు, నిజమే, కాని సెల్యులాయిడ్ వేడికి ఎముకలా ఓర్చుకోదు. ఈ పదార్థానికి మోటారు చక్రం ఎంత తక్కువ వేగంతోనైనా వాడకూడదు.

రుద్దిన ధూళి ఉన్న గుడ్డలను కూడా గదిలో కుప్పగా ఉంచకుండా ప్రతి సాయంత్రం తడిపి బయట పారేశాను. దీపారాధన చేసే చోటికి, వంటింటికి దూరంగా పని పెట్టుకోవాలి.

*ఇప్పటివరకు: పూర్తయినవి 17/36. పని 22 గంటలు.*

ఏడవ దశ: తేమ (జులై 2)

కాలువలకు నీరు వదిలి, వానలు పట్టాక ఇంట్లో తేమ 84 శాతానికి చేరింది. కాగితాలు అప్పడాల్లా వంకర తిరిగి అద్దం మీద నిలవలేదు. పూర్తయిన మెట్లను పెట్టి చూస్తే 5, 6, 14 పక్క మెట్లకు రాసుకుని నొక్కినవి పైకి లేవలేదు. 14వ మెట్టు చెక్క వెడల్పు మేలో కొలిచినదాని కన్నా 0.2 మి.మీ. పెరిగింది.

చెక్క పక్కలను కొంచెం రుద్దితే సరిపోతుంది కదా అని అనిపించింది, చేయి కాగితం మీదకు వెళ్లింది కూడా. అలా చేస్తే జనవరి పొడి గాలికి చెక్క కుదించుకుని మెట్లు అటూ ఇటూ ఊగుతాయి. అందుకని రుద్దకుండా ఆగాను. కాగితాలను మాత్రం తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో డబ్బాలో పెట్టాను, లోపల తేమ 58 శాతానికి దిగింది. సెల్యులాయిడ్ మెట్లను ఆ డబ్బాలో పెట్టలేదు, ఎందుకంటే అది పాతబడే కొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మూసిన చోట ఆ ఆవిరి దానినే ఇంకా త్వరగా పాడుచేస్తుంది. వాటిని నూలు గుడ్డ కప్పి, గాలి ఆడే బల్ల మీద ఉంచాను.

*ఇప్పటివరకు: పూర్తయినవి 17/36. పని 23 గంటలు. ఖర్చు రూ. 2,390 (తేమ మీటరు 350, సిలికా జెల్ 80).*

ఎనిమిదవ దశ: మిగిలినవి (జులై 20 నుంచి ఆగస్టు 10)

కొత్త సంగతులు తక్కువ. నాలుగు ఎముక మెట్లు పొడి పద్ధతిలో ఒక్కొక్కటి 40 నిమిషాలు పట్టాయి, నలుపు ఎక్కలేదు. రెండు అక్రిలిక్ మెట్లకు పి-2000, పి-2500, సుద్ద చాలు. ఎనిమిది సెల్యులాయిడ్ మెట్లు పాత క్రమంలోనే అయ్యాయి. చక్రం పాడుచేసిన 9వ మెట్టుకు 0.04 మి.మీ. తరుగు ఒప్పుకోవలసి వచ్చింది, అచ్చు పోయింది. మేలో పలుచబడిన 36కు ఇంకేమీ తీయకుండా పి-2500 మాత్రం పెట్టాను.

*ఇప్పటివరకు: పూర్తయినవి 33/36. పని 30.5 గంటలు. ఖర్చు రూ. 2,480 (కాగితాలు 90).*

తొమ్మిదవ దశ: గుంతలు పడిన మూడు మెట్లు (ఆగస్టు 17)

18, 22, 25 మిగిలాయి. అద్దం మీద నడిపితే వాటి అంచులే అరుగుతాయి, గుంత అడుగుకు కాగితం తగలదు. మొత్తం చదును చేయాలంటే 18వ మెట్టు పెదవి 1.21 నుంచి 0.90 మి.మీ.కు దిగుతుంది, పక్క మెట్ల కన్నా పల్లమవుతుంది.

ఏం చేయాలో తోచక రీడ్లు బాగుచేసిన మాస్టారును పిలిచాను. ఆయన అంకెలు చూడలేదు, మూడు మెట్ల మీదా వేళ్లు పెట్టి, "బాబూ, మీ తాతగారు నాలుగు శ్రుతిలో వాయించేవారు" అన్నారు. లెక్క చూస్తే అంతే. ఏడేసి తెల్లమెట్ల స్థాయిల్లో మూడవదానిలోని నాలుగో తెల్లమెట్టే 18వది, నాలుగు శ్రుతికి షడ్జం (స) అదే, 22 దాని పంచమం (ప), 25 తారషడ్జం (పై స). పద్యం ఎత్తుకునే ముందు నటుడికి శ్రుతి అందించేదీ, పద్యం చివరి రాగాలాపన వచ్చి నిలిచేదీ ఈ మూడింటి మీదనే. వేల రాత్రుల వేళ్లు తీసిన లోతును నేను ఒక సాయంత్రంలో చదును చేయదలచుకోలేదు.

"మరి వీటికి మెరుగు వద్దా, మాస్టారూ?" అని అడిగాను. "నునుపు చేయండి, ఆకారం మార్చకండి" అన్నారు.

1. సీసా బెండును బొటనవేలంత ముక్కగా కోసి, అడుగును 18వ మెట్టు గుంతకు సరిపడే వంపుతో రుద్ది తయారుచేసుకున్నాను.
2. దానికి పి-1200 చుట్టి, గుంత పొడవునా ఒకే దిశలో 30 సార్లు. పి-800 ఈ మూడింటికీ వాడలేదు.
3. పి-2000, పి-2500 అదే బెండుతో. అంచులకు టేపు అతికించి ఉంచాను.
4. తేర్చిన సుద్దను చూపుడు వేలికి చుట్టిన మెత్తని నూలు గుడ్డతో పట్టించాను.

ఒక్కోదానికి 50 నిమిషాలు. తరువాత కొలిస్తే గుంతల లోతు 18లో 0.32, 22లో 0.24, 25లో 0.20 మి.మీ.

*మొత్తం: 36/36. పని 33 గంటలు. ఖర్చు రూ. 2,480. పెదవి మందం 0.05 మి.మీ. కన్నా ఎక్కువ తగ్గిన మెట్టు ఒక్కటే, 36వది.*

మెట్లన్నీ బిగించాక 5, 14 ఇంకా కొంచెం రాసుకుంటున్నాయి, 6 సర్దుకుంది. చెక్క పక్కలను ముట్టలేదు. సంక్రాంతి నాటికి వెడల్పు మళ్లీ కొలిచి, అప్పటికీ రాసుకుంటేనే వాటి సంగతి చూస్తాను. 27వ మెట్టులోని రెండు పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి.